కొమ్ము ఎక్కడ జారిపోతుంది?

‘తెలుగు’ అన్న మాటను కంప్యూటర్‌లో ఫైలుగా దాస్తే అక్కడ ఉండేవి అక్షరాలు కావు, అంకెలు. ఇవాళ దాదాపు అందరూ వాడుతున్న యూటీఎఫ్-8 పద్ధతిలో ఆ మాటకు 18 బైట్లు పడతాయి. మొదటి మూడు బైట్లు 224, 176, 164. ఈ మూడూ కలిస్తే ‘త’. అక్షరాలను ఇలా బైట్లుగా మార్చడం ఎన్‌కోడింగ్, బైట్లను తిరిగి అక్షరాలుగా చదవడం డీకోడింగ్. ప్రోగ్రామర్ ఈ పని చేత్తో చెయ్యడు. తాను రాసే భాషతో పాటు వచ్చిన లైబ్రరీకి అప్పగిస్తాడు.

చెప్పుకోవడానికి పని ఇంతే. దీని చుట్టూ మాత్రం కొన్ని దశాబ్దాలుగా తగవు నడుస్తోంది. వచ్చిన బైట్లు ఏ పద్ధతిలో ఉన్నాయో ఎవరు చెప్పాలి? చెప్పినదానికి, వచ్చినదానికి పొంతన లేకపోతే లైబ్రరీ ఆగిపోవాలా, సర్దుకుపోవాలా? చదివాక చేతికొచ్చే స్ట్రింగ్‌లో ఒక్కో అంశం బైటా, యూనికోడ్ సంఖ్యా, మనం నోటితో పలికే అక్షరమా? ఈ మూడు ప్రశ్నలనూ కలగలిపి వాదించడం వల్లనే చర్చ చిక్కుపడింది. విడదీసి చూస్తే ఎవరు దేనిమీద పట్టుబట్టారో తెలుస్తుంది. తెలుగు లాంటి భాషలకు ఏ నిర్ణయం ఎక్కడ తగిలిందో కూడా తెలుస్తుంది.

పట్టికల కాలం

1963లో వచ్చిన ఆస్కీ పట్టికలో 128 స్థానాలే ఉన్నాయి. ఇంగ్లీషు అక్షరాలు, అంకెలు, విరామ చిహ్నాలు, యంత్రానికిచ్చే కొన్ని ఆదేశాలు అందులో సరిపోయాయి. మరుసటి ఏడాది ఐబీఎం తన సిస్టమ్/360తో ఎబ్సిడిక్ అనే వేరే పట్టికను తెచ్చింది. ఒకే ‘ఏ’ అక్షరానికి రెండు యంత్రాల్లో రెండు సంఖ్యలు వచ్చాయి. సంకేతం మార్చిపెట్టే పని అప్పటినుంచే ఉంది.

బైటులో ఎనిమిది బిట్లు ఖాయమయ్యాక 128 పైన మరో 128 స్థానాలు ఖాళీగా కనిపించాయి. పశ్చిమ యూరప్, రష్యా, గ్రీసు, ఇజ్రాయెల్ ఎవరి అక్షరాలు వారు అక్కడే పెట్టుకున్నారు. జపాన్, చైనా, కొరియా భాషలకు వేల అక్షరాలు కావాలి కాబట్టి వారు రెండు బైట్ల పద్ధతులకు వెళ్లారు. ఒక పట్టికతో రాసినదాన్ని మరో పట్టికతో చదివితే తెరమీద గజిబిజి కనిపిస్తుంది. దానికి జపనీయులు పెట్టిన పేరు ‘మొజిబాకె’. ఆ బాధ వారికి అంత నిత్యమైనది కాబట్టే మాట వారి భాషలోంచి వచ్చి ప్రపంచమంతా నిలబడింది.

మనదేశం ఈ దశలో వెనకబడి లేదు. 1988లో రూపుదిద్దుకుని 1991లో ఐఎస్ 13194గా భారత ప్రమాణమైన ఇస్కీ, చక్కటి ఆలోచన. బ్రాహ్మీనుంచి పుట్టిన లిపులన్నిటిదీ ఒకే వర్ణక్రమం కాబట్టి ‘క’కు అన్నిటిలోనూ ఒకే సంఖ్య ఇచ్చారు. ఏ లిపిలో చూపించాలో ముందు ఒక గుర్తు చెబుతుంది. ఈ పద్ధతిలో ‘తెలుగు’కు ఆరు బైట్లే. తెలుగులో దాచినదాన్ని కన్నడంలోనో, దేవనాగరిలోనో చూపించడానికి గుర్తు మారిస్తే చాలు. యూనికోడ్ భారతీయ లిపులకు స్థానాలు ఇచ్చినప్పుడు 1988 నాటి ఇస్కీ వరసనే అనుసరించింది. తెలుగుకు వచ్చిన గది 3072 నుంచి 3199 వరకు, 128 స్థానాలు.

ఇంత మంచి పద్ధతి లైబ్రరీల్లోకి మాత్రం సరిగా చేరలేదు. విండోస్‌లో తెలుగు ఇస్కీకి 57005 అనే కోడ్‌పేజీ ఉంది. యూనికోడ్ పనులకు వాడే ఐసీయూ లైబ్రరీ కూడా ఇస్కీని చదవగలదు. కానీ పైథాన్ ప్రామాణిక లైబ్రరీలో అది లేదు. బ్రౌజర్లు అనుసరించే ఎన్‌కోడింగ్ స్టాండర్డ్‌లో జపనీస్, చైనీస్, కొరియన్, రష్యన్ పాత పద్ధతులు ఉన్నాయి కానీ భారతీయ పద్ధతి ఒక్కటి కూడా లేదు. ఆ పట్టిక వెబ్‌లో నిజంగా వాడుకలో ఉన్నవాటితో తయారైంది. వెబ్‌లో మనవాళ్లు ఇస్కీ వాడలేదు. ఏం వాడారో ముందు ముందు చూద్దాం.

యూనికోడ్ ఇచ్చిన మాట, అది చాలకపోవడం

1988లో జో బెకర్ యూనికోడ్ ప్రతిపాదన రాసినప్పుడు ప్రతి అక్షరానికీ 16 బిట్లు చాలునన్నది లెక్క. అంటే 65,536 స్థానాలు. 1991 అక్టోబరులో తొలి సంచిక వచ్చింది. ఆ మాట నమ్మి విండోస్ ఎన్‌టీ, జావా, జావాస్క్రిప్ట్ తమ స్ట్రింగ్‌లను 16 బిట్ల ముక్కలతో కట్టుకున్నాయి. 1996లో యూనికోడ్ 2.0 వచ్చేసరికి ఆ స్థలం చాలదని తేలింది. 2,048 స్థానాలను పక్కనపెట్టి, వాటిని జంటలుగా వాడి, మొత్తం 11,14,112 స్థానాలకు పెంచారు. అదే యూటీఎఫ్-16. అప్పటికే ఇళ్లు కట్టేసుకున్నవాళ్లు గోడలు పగలగొట్టలేక లోపల సర్దుకున్నారు. జావాలో ఒక ఎమోజీ పొడవు ఇవాళ్టికీ 2 అని రావడం ఆనాటి నిర్ణయపు ఫలితమే.

ఇంకో దారి 1992 సెప్టెంబరులో న్యూజెర్సీలోని ఒక హోటల్లో భోజనం బల్ల దగ్గర దొరికింది. కెన్ థాంప్సన్, రాబ్ పైక్ అక్కడ పళ్లెం కింద పరిచే కాగితం మీద రాసుకున్న పద్ధతి యూటీఎఫ్-8 అయింది. ఆస్కీ అక్షరానికి ఒక బైటే. మిగతావాటికి రెండు, మూడు, నాలుగు. ఒక వరసలో ఎన్ని బైట్లున్నాయో మొదటి బైటే చెబుతుంది. మధ్యలో ఎక్కడ దిగినా అక్షరం ఎక్కడ మొదలైందో కనిపెట్టవచ్చు. పాత ఇంగ్లీషు ఫైళ్లు ఒక్క బైటు మార్చకుండా చెల్లుతాయి. ఈ చివరి గుణమే దాన్ని గెలిపించింది. ఇవాళ వెబ్‌సైట్లలో దాదాపు 98 శాతం దీన్నే వాడుతున్నాయి.

ఆ గెలుపుకు మూల్యం ఎవరు చెల్లించారన్నది కూడా న్యాయంగా చూడాలి. ఇస్కీలో ఒక బైటు పట్టిన తెలుగు గుర్తుకు యూటీఎఫ్-16లో రెండు, యూటీఎఫ్-8లో మూడు పడతాయి. వెబ్ పేజీల్లో ట్యాగులన్నీ ఆస్కీయే కాబట్టి, కుదింపు కూడా ఉంది కాబట్టి ఈ భారం అక్కడ పెద్దగా తెలియదు. డేటాబేస్ గడులకు బైట్లలో పరిమితి పెట్టే చోట తెలుస్తుంది. భాషా నమూనాలు బైట్ల మట్టం నుంచి పదఖండాలు చేసుకునే చోట మరీ తెలుస్తుంది. భారతీయ లిపులను దాదాపు ఒక్కో బైటులో ఇమిడ్చే ఎస్‌సీఎస్‌యూ అనే పద్ధతిని యూనికోడ్ సంస్థే ఇచ్చినా అది వాడుకలో నిలవలేదు. అందరూ ఒకే పద్ధతి వాడటం వల్ల కలిగే లాభం ఈ నష్టంకన్నా పెద్దదే. కానీ నష్టమే లేదనడం నిజం కాదు.

స్ట్రింగ్ అంటే ఏమిటి: మూడు దారులు

మొదటి దారి సరిహద్దు దగ్గరే మార్చేయమంటుంది. బయటినుంచి వచ్చేవి బైట్లు, లోపల తిరిగేది యూనికోడ్, బయటికి పంపేటప్పుడు మళ్లీ బైట్లు. ఈ దారికి పెద్ద ఉదాహరణ పైథాన్ 3. పైథాన్ 2లో బైట్ల స్ట్రింగ్, యూనికోడ్ స్ట్రింగ్ ఒకదాంతో ఒకటి కలిసిపోయేవి. కలిపేటప్పుడు లైబ్రరీ తనంత తానే ఆస్కీగా డీకోడ్ చేసేది. ఇంగ్లీషుతో పరీక్షించినంతకాలం అంతా బాగుండేది. మొదటి తెలుగు పేరు రాగానే ప్రోగ్రామ్ కూలిపోయేది. 2008 డిసెంబరులో వచ్చిన పైథాన్ 3 ఈ రెంటినీ పూర్తిగా వేరుచేసింది. ఆ ఒక్క మార్పు వల్ల లక్షల వరసల కోడ్ తిరగరాయాల్సి వచ్చింది. పైథాన్ 2కు మద్దతు ఆగింది 2020 జనవరి 1న, అంటే మార్పు జీర్ణం కావడానికి పదకొండేళ్లు పట్టింది. ఆ కష్టాన్ని విమర్శించినవారు ఎక్కువే. పొరపాటును రాసినవాడి బల్లమీదే పట్టించి, వాడినవాడి తెరదాకా పోనివ్వకపోవడం ఈ దారి బలం.

రెండో దారి రూబీది. 2007లో వచ్చిన రూబీ 1.9లో ప్రతి స్ట్రింగూ తన బైట్లతో పాటు తన ఎన్‌కోడింగ్ పేరును కూడా మోసుకెళుతుంది. అన్నిటినీ యూనికోడ్‌లోకి మార్చాలన్న నిర్బంధం లేదు. ఇది జపాన్ అనుభవంలోంచి పుట్టింది. అక్కడి పాత పద్ధతులనుంచి యూనికోడ్‌కు వెళ్లి తిరిగొచ్చేటప్పుడు కొన్ని గుర్తులకు ఒక్కో పట్టికలో ఒక్కో అర్థం ఉంది. అందుకే మూలం చెదరకూడదన్న పట్టుదల. రెండు వేర్వేరు ఎన్‌కోడింగ్‌ల స్ట్రింగ్‌లను కలపబోతే అది ఆ క్షణంలో తప్పు చూపిస్తుంది. అంటే తగవు సరిహద్దునుంచి ప్రోగ్రామ్ నడిబొడ్డుకు వస్తుంది. 2013లో రూబీ 2.0 సోర్స్ ఫైళ్లకు యూటీఎఫ్-8నే మామూలు పద్ధతిగా తీసుకుంది. ఇంత ఏర్పాటు చేసుకున్న భాష కూడా ఆచరణలో ఒకే పద్ధతి వైపు వచ్చిందన్నమాట.

మూడో దారి లోపల కూడా యూటీఎఫ్-8 బైట్లనే ఉంచుతుంది. గో, రస్ట్ ఈ దారిలో ఉన్నాయి. స్విఫ్ట్ 2019లో ఐదో సంచికతో ఇటే మళ్లింది. అయితే గోకు, రస్ట్‌కు మధ్యే పెద్ద తేడా ఉంది. గో స్ట్రింగ్‌లో ఏ బైట్లయినా ఉండొచ్చు. యూటీఎఫ్-8 అన్నది నమ్మకమే తప్ప హామీ కాదు. రస్ట్‌లో అది హామీ, తప్పుడు బైట్లు స్ట్రింగ్‌లోకి రావు. మరి ఫైళ్ల పేర్ల సంగతేమిటి? లినక్స్‌లో ఫైలు పేరు ఏ బైట్లయినా కావచ్చు, విండోస్‌లో జంట తెగిన 16 బిట్ల ముక్కలైనా కావచ్చు. అందుకే రస్ట్ వాటికి వేరే రకం స్ట్రింగే పెట్టింది. పైథాన్ 2009లో 383వ ప్రతిపాదన ద్వారా ఇంకో ఉపాయం చేసింది. చదవరాని ప్రతి బైటునూ యూనికోడ్‌లో పక్కనపెట్టిన స్థానాల్లో ఒకదానికి అతికించి, తిరిగి రాసేటప్పుడు అదే బైటుగా విప్పుతుంది.

మూడింటినీ పక్కపక్కన పెడితే తేడా ఇది. మొదటి దారిలో తప్పు లోపలికి వచ్చేటప్పుడు బయటపడుతుంది. రెండోదానిలో రెండు స్ట్రింగ్‌లు కలిసేటప్పుడు. మూడోదానిలో గో అయితే చూపించేటప్పుడు, రస్ట్ అయితే మొదటి దారిలాగే గుమ్మంలోనే. ఏ దారీ తప్పును లేకుండా చెయ్యలేదు. ఎక్కడ పట్టుకుంటారన్నదే ఎంపిక. గుమ్మంలో పట్టుకోవడమే మేలన్న పక్షానికి నా మొగ్గు. దానికి కారణం తర్వాతి భాగంలో ఉంది.

చదవరాని బైటును ఏం చెయ్యాలి?

లైబ్రరీలు సాధారణంగా మూడు మార్గాలు ఇస్తాయి. ఆగిపోయి తప్పు చెప్పడం ఒకటి. ఆ బైట్లను వదిలేయడం ఇంకొకటి. వాటి స్థానంలో ప్రశ్నార్థకం ఉన్న నల్ల వజ్రం గుర్తు పెట్టడం మూడోది. జావాలో బైట్లనుంచి నేరుగా స్ట్రింగ్ చేస్తే చప్పుడు లేకుండా గుర్తు పెట్టేస్తుంది. అవే బైట్లున్న ఫైలును కొత్త పద్ధతిలో ఒకేసారి చదివితే తప్పు చెబుతుంది. ఒకే భాషలో రెండు అలవాట్లు. బ్రౌజర్లలోని డీకోడర్ కోరితేనే కఠినంగా ఉంటుంది, కోరకపోతే గుర్తు పెట్టి ముందుకు సాగుతుంది.

సర్దుకుపోవడం మర్యాదలా కనిపిస్తుంది, ప్రమాదం కూడా అక్కడే ఉంది. యూటీఎఫ్-8లో వాలుగీత గుర్తుకు ఒక బైటు, 47. పాత డీకోడర్లు 192, 175 అన్న రెండు బైట్లనూ అదే గుర్తుగా చదివేవి. 2000లో మైక్రోసాఫ్ట్ ఐఐఎస్ సర్వర్లలో దీన్నే ఆసరా చేసుకుని, భద్రతా తనిఖీ కళ్లుగప్పి, చూడకూడని ఫోల్డర్లలోకి వెళ్లారు. తనిఖీ చేసిన కోడ్‌కు అది వాలుగీతలా కనిపించలేదు, తర్వాత డీకోడ్ చేసిన కోడ్‌కు కనిపించింది. యూటీఎఫ్-8కు ప్రమాణమైన 2003 నాటి ఆర్‌ఎఫ్‌సీ 3629లో ఇలాంటి దీర్ఘరూపాలను నిరాకరించి తీరాలని కచ్చితంగా ఉంది. వాడుక తగ్గిన పాత పద్ధతుల కోడ్ కూడా ఇలాగే ముప్పు మోస్తుంది. లినక్స్‌లోని జీలిబ్‌సీ లైబ్రరీలో ఐకాన్వ్ అనే మార్పిడి సాధనం ఉంది. అందులో ఒక చైనీస్ పద్ధతికి రాసిన భాగం తనకు కేటాయించిన జాగా దాటి కొన్ని బైట్లు రాసేస్తోందని 2024లో బయటపడింది. ఆ లోపం రెండు దశాబ్దాలకు పైగా ఎవరి కంటా పడలేదు.

గుర్తు పెట్టడంలోనూ ఏకాభిప్రాయం లేదు. ‘త’కు ఉన్న మూడు బైట్లలో చివరిది తెగిపోయి 224, 176 మాత్రమే మిగిలాయనుకుందాం. బ్రౌజర్లు, రస్ట్ ఆ రెంటికీ కలిపి ఒక్క నల్ల వజ్రం పెడతాయి. గో లూప్‌లో తిప్పితే రెండు వస్తాయి. 2017లో యూనికోడ్ సాంకేతిక సంఘం ఈ విషయంలో తన సిఫార్సు మార్చబోయింది. బ్రౌజర్లు రాసేవారి నుంచి గట్టి అభ్యంతరాలు వచ్చాక వెనక్కి తగ్గింది. బయటివారికి ఇది చిన్న సంగతి. రెండు లైబ్రరీలు ఒకే ఫైలును చదివి ఒకే పొడవు చెప్పకపోతే వాటి మధ్య పోలిక చెడిపోతుందని తెలిసినవారికి చిన్నది కాదు.

బైట్లు ఎలా తెగుతాయన్నది ఇంకా ముఖ్యం. నెట్‌వర్క్ నుంచి, డిస్కు నుంచి సమాచారం ముక్కలుగా వస్తుంది. ముక్క పరిమాణం 4096, 8192 లాంటి రెండు ఘాతపు సంఖ్య. రెండు ఘాతం ఏదీ మూడుతో భాగించబడదు. కాబట్టి ఖాళీల్లేని శుద్ధ తెలుగు పాఠం 4096 బైట్ల ముక్కలో వస్తే 1365 గుర్తులు నిండుగా పట్టి, తర్వాతి గుర్తులో ఒక్క బైటు ఈ ముక్కలో, రెండు బైట్లు అవతలి ముక్కలో పడతాయి. ప్రతి ముక్కనూ విడిగా డీకోడ్ చేసే ప్రోగ్రామ్ అక్కడ అక్షరాన్ని తినేస్తుంది. ఇంగ్లీషు పాఠంతో ఎన్నిసార్లు పరీక్షించినా ఈ లోపం దొరకదు. సగం మిగిలిన అక్షరాన్ని గుర్తుపెట్టుకుని తర్వాతి ముక్కతో కలిపే డీకోడర్లు పైథాన్‌లో, జావాలో, బ్రౌజర్లలో ఎప్పటినుంచో ఉన్నాయి. వాటిని వాడాలని తోచనివాళ్లే ఎక్కువ. ఎందుకంటే వారి పరీక్షల్లో అక్షరానికి ఒక్క బైటే.

లేబుల్ లేని ఫైలు

పంపినవాడు ఎన్‌కోడింగ్ పేరు చెప్పకపోతే లైబ్రరీ ఊహించాలా? ఒక పక్షం ఊహించాలంటుంది. 2001 నాటికి మొజిల్లాలో ఇలా గుర్తుపట్టే సాధనం తయారైంది. బైట్ల వరస చెల్లుతుందా, ఏ అక్షరాలు ఎంత తరచుగా వస్తున్నాయి, ఏ రెండు పక్కపక్కన పడుతున్నాయి అని చూసి అది తేల్చేది. పైథాన్‌లోని ఛార్‌డెట్ దాని సంతానమే. యూటీఎఫ్-8 విషయంలో ఈ ఊహ చాలా గట్టిది, ఎందుకంటే వేరే పద్ధతిలో రాసిన పాఠం అనుకోకుండా యూటీఎఫ్-8గా చెల్లడం అరుదు. ఒక్క బైటు పద్ధతుల మధ్య మాత్రం ఊహ ఊహే.

రెండో పక్షం ఊహించవద్దు, ఒక మామూలు పద్ధతిని పెట్టమంటుంది. చిక్కు ఆ మామూలు ఏదన్న దగ్గర వచ్చింది. చాలాకాలం అది యంత్రం అమరికను బట్టి మారేది. ఒకే జావా ప్రోగ్రామ్ లినక్స్‌లో తెలుగును సరిగా రాసి, విండోస్‌లో ప్రశ్నార్థకాలు రాసేది. 2022 మార్చిలో వచ్చిన 18వ సంచికతో జావా అన్నిచోట్లా యూటీఎఫ్-8నే మామూలు చేసింది. పైథాన్ ఈ మార్పును 3.15వ సంచికకు నిర్ణయించుకుంది. ముప్పై ఏళ్ల కింద తీసుకోవాల్సిన నిర్ణయం ఇది అనడం తేలిక. అప్పట్లో యంత్రంలోని ఫైళ్లన్నీ స్థానిక పద్ధతిలోనే ఉండేవన్నది మరిచిపోకూడదు.

వెబ్‌లో ఇంకో వారసత్వం ఉంది. 1999 నాటి హెచ్‌టీటీపీ ప్రమాణం ప్రకారం పేరు చెప్పని పాఠాన్ని పశ్చిమ యూరప్ పట్టిక అయిన లాటిన్-1గా తీసుకోవాలి. 2014లో ఆ నియమాన్ని తీసేశారు. కానీ ప్రోగ్రామర్లు విరివిగా వాడే కొన్ని లైబ్రరీల్లో దాని నీడ ఉండిపోయింది. తెలుగు పేజీలను అలా లాగితే వచ్చే గజిబిజికి ఒక ముద్ర ఉంది. తెలుగు గుర్తులన్నిటి మొదటి బైటు 224, రెండో బైటు 176 లేదా 177. లాటిన్ పట్టికలో 224 అంటే నెత్తిన గీత ఉన్న చిన్న ‘ఏ’, 176 అంటే డిగ్రీ గుర్తు, 177 అంటే ప్లస్-మైనస్ గుర్తు. ఈ జంటలు వరసగా కనిపిస్తే అది తెలుగే అని చూడగానే చెప్పవచ్చు.

దీన్ని తిరిగి బాగుచెయ్యవచ్చా? శుద్ధ లాటిన్-1గా చదివి ఉంటే చెయ్యవచ్చు. ఆ పట్టికలో 256 బైట్లకూ స్థానం ఉంది, వెనక్కి తిప్పితే అవే బైట్లు వస్తాయి. దానికి విండోస్ రూపమైన విండోస్-1252గా చదివి ఉంటే సంగతి వేరు. ఆ పట్టికలో ఐదు బైట్లకు అక్షరం లేదు. అవి 129, 141, 143, 144, 157. ఇప్పుడు తెలుగువైపు చూడండి. ఉకారపు కొమ్ము చివరి బైటు 129. పొల్లు చివరి బైటు 141. ఏ, ఐ, ఝ చివరి బైట్లు వరసగా 143, 144, 157. ఐదు కంతలూ మన అక్షరాలకే తగిలాయి. వాటిలో కొమ్ము, పొల్లు లేకుండా తెలుగు వాక్యం సాగదు. మన మాటలు చాలా ఉకారంతో ముగుస్తాయి, వత్తు రావాలంటే పొల్లు కావాలి.

ఇక్కడ లైబ్రరీల మధ్య తేడా ప్రాణం తీస్తుంది. బ్రౌజర్ల ప్రమాణం ఆ ఐదు బైట్లను కంటికి కనపడని నియంత్రణ గుర్తులుగా భద్రంగా మోస్తుంది కాబట్టి పాఠాన్ని తిరిగి పొందవచ్చు. పైథాన్ 1252 పట్టిక అక్కడ ఆగి తప్పు చెబుతుంది. విసుగుతో ఎవరైనా ‘తప్పులు వదిలేయి’ అని రాస్తే కొమ్ములు, పొల్లులు శాశ్వతంగా పోతాయి. పోయిన తర్వాత ఏ సాధనమూ వాటిని తీసుకురాలేదు. గుమ్మంలోనే ఆపే కఠినత్వం మేలన్నది ఇందుకే. అది అప్పటికి పని ఆపుతుంది, పాఠాన్ని మాత్రం ఆపదలోకి నెట్టదు.

పొడవు ఎంత?

స్ట్రింగ్‌లో ఒక్కో అంశం ఏమిటన్న మూడో ప్రశ్నకు ‘స్త్రీ’ ఒక్కటి చాలు. పలికితే ఒక అక్షరం. దాని వెనక స, పొల్లు, త, పొల్లు, ర, ఈత్వం అని ఆరు యూనికోడ్ సంఖ్యలు ఉన్నాయి. పైథాన్, జావా రెండూ పొడవు 6 అంటాయి. గో, రస్ట్ బైట్లు లెక్కిస్తాయి కాబట్టి 18 అంటాయి. స్విఫ్ట్ మొదటినుంచీ మనిషి కంటికి ఆనే అక్షరాన్నే లెక్కిస్తానంది. ఆ లెక్కకు యూనికోడ్ ఇచ్చిన నియమాల ప్రకారం చాలాకాలం ‘స్త్రీ’ మూడు ముక్కలు: స్, త్, రీ. 2023 సెప్టెంబరులో వచ్చిన యూనికోడ్ 15.1లో తెలుగుతో సహా కొన్ని భారతీయ లిపుల సంయుక్తాక్షరాలను విడగొట్టకూడదన్న నియమం చేరింది. ఆ నియమం పాటించే లైబ్రరీ ఇప్పుడు ఒకటి అంటుంది. అంటే లైబ్రరీ కొత్త సంచిక వేసుకుంటే అదే మాట పొడవు మారిపోతుంది.

కొందరు దీన్ని చూపించి, మారే కొలతను భాషకు పునాదిగా పెట్టకూడదని వాదిస్తారు. వారి మాటలో బలముంది. బైట్ల లెక్క, సంఖ్యల లెక్క మారవు. కానీ పేరును పది అక్షరాలకు కుదించమన్నప్పుడు పొల్లు దగ్గర తెంచితే మిగిలేది తెలుగు కాదు. నిల్వకు బైట్లు, పోలికకు సంఖ్యలు, కంటికి అక్షరాలు అన్నది ఇప్పటికి ఎక్కువమంది ఒప్పుకునే విభజన. పోలికలోనూ మెలిక ఉంది. ఐత్వాన్ని ఒకే గుర్తుగా రాయవచ్చు, ఎత్వం కింద దాని రెండో భాగాన్ని విడిగా చేర్చీ రాయవచ్చు. యూనికోడ్ రెంటినీ సమానమంటుంది. బైట్లు మాత్రం వేరు కాబట్టి, ఇలాంటి రూపాలను ఒకటిగా మార్చే సాధారణీకరణ చెయ్యని వెతుకులాటకు ఒకటి దొరికి ఇంకొకటి దొరకదు.

డీకోడింగ్ బాధ్యత ఎక్కడ ముగుస్తుందో 2018 ఫిబ్రవరిలో ప్రపంచం చూసింది. ‘జ్ఞా’కు సంబంధించిన ఒక గుర్తుల వరస సందేశంగా వస్తే ఐఫోన్ యాప్‌లు కూలిపోయాయి. ఆ నెల 19న ఆపిల్ ఐఓఎస్ 11.2.6తో దాన్ని సరిచేసింది. బైట్లు శుద్ధమైనవే, డీకోడింగ్ సరైనదే. పొరపాటు ఆ తర్వాత, అక్షరాన్ని గీసే చోట జరిగింది.

డేటాబేస్‌ల సంగతి ఒక్క మాటలో: మైఎస్‌క్యూఎల్‌లో యూటీఎఫ్-8 అన్న పేరు చాలాకాలం మూడు బైట్ల వరకే చదివేది. తెలుగుకు మూడు బైట్లే కాబట్టి మనకు ఆ లోపం ఎమోజీలు వచ్చేదాకా తెలియలేదు.

అబద్ధపు లేబుల్

ఇప్పటిదాకా చెప్పిన పక్షాలన్నీ ఒక విషయంలో ఏకమవుతాయి. బైట్లకు ఏదో ఒక నిజమైన ఎన్‌కోడింగ్ ఉందని, తెలిస్తే చదవవచ్చని అందరూ అనుకుంటారు. తెలుగు అచ్చు, తెలుగు పత్రికల తొలి వెబ్ కాలం ఆ ఊహకు లొంగవు. అను లాంటి డీటీపీ ఫాంట్లు, పత్రికలు తమ సైట్లకు సొంతంగా చేయించుకున్న ఫాంట్లు లాటిన్ అక్షరాల స్థానాల్లో తెలుగు బొమ్మలను పెట్టాయి. ఒక స్థానంలో తలకట్టు, మరోచోట వత్తు, ఇంకోచోట కొమ్ముతో కలిసిన అక్షరం. ఫైలు తనను తాను లాటిన్ పాఠమనే చెప్పుకునేది. డీకోడర్ ఎంత కఠినమైనదైనా అందులో తప్పు కనిపెట్టలేదు, ఎందుకంటే లాటిన్ పాఠంగా అది పూర్తిగా చెల్లుతుంది. ఫాంటు ఉన్నచోట తెలుగు, లేనిచోట గజిబిజి.

ఆ నిర్ణయాన్ని తప్పుపట్టలేం. 1990లలో పత్రిక రేపు పొద్దున రావాలి, యూనికోడ్ తెలుగును సరిగా గీసే యంత్రాలు అప్పుడు లేవు. వాటి వల్లనే తెలుగు వెబ్‌లోకి వచ్చింది. కానీ వాటిని చదివే పని ఏ ప్రామాణిక లైబ్రరీలోనూ చేరలేదు. ఫైర్‌ఫాక్స్‌కు అనుబంధంగా వచ్చిన పద్మ లాంటి సాధనాలే ఆ భారం మోశాయి. ఆ మార్పిడి ఒక సంఖ్యకు మరో సంఖ్య పెట్టడం కాదు. ఫాంటులో బొమ్మలు కంటికి కనిపించే క్రమంలో ఉంటాయి, యూనికోడ్‌లో గుర్తులు పలికే క్రమంలో ఉంటాయి. ఒకే అక్షరాన్ని రెండు మూడు రకాల బొమ్మల కూర్పుతో తయారుచేసే వీలుండేది. కళ్లకు ఒకటిగా ఉన్నది బైట్లలో రెండు మూడు రకాలుగా ఉంటుంది.

తేలనివి

నెట్‌వర్క్‌లో పంపడానికి యూటీఎఫ్-8 అన్నది తేలిపోయింది, మామూలు పద్ధతి కూడా అదేనన్నది దాదాపు తేలింది. తప్పుడు బైట్లను కఠినంగా చూడాలా, మృదువుగా చూడాలా అన్నది ఇంకా లైబ్రరీకో తీరుగా ఉంది. మనిషి చదివే తెరకు సర్దుబాటు సరే. దాచుకునే నిల్వకు మాత్రం కఠినత్వం ఉండాలి. ఈ రెంటినీ వేరుగా అడిగే లైబ్రరీలు తక్కువ. పాత పద్ధతుల కోడ్‌ను భద్రత పేరిట తీసేయాలన్న వాదన 2024 తర్వాత బలపడింది. తీసేస్తే ఆ పద్ధతుల్లో ఉన్న ఫైళ్లు ఎవరు చదువుతారన్న ప్రశ్నకు జవాబు రాలేదు. ఇస్కీలో దాచినవి ప్రభుత్వ కార్యాలయాల్లో ఉన్నాయి, ఫాంటు సంకేతాల్లో దాచినవి డీటీపీ కేంద్రాల పాత డిస్కుల్లో ఉన్నాయి.

వాటిని యూనికోడ్‌లోకి మార్చేవారిలో రెండు అలవాట్లు కనిపిస్తాయి. కొందరు మార్చిన ఫైలు ఉంచుకుని పాతదాన్ని తీసేస్తారు. మార్పిడి పట్టికలో ఒక వత్తు తప్పితే దాన్ని సరిచూసుకోవడానికి మూలం ఉండదు. ఇంకొందరు పాత బైట్లను ముట్టుకోకుండా, ఏ ఫాంటుతో కూర్చారో పక్కన రాసిపెట్టి, మార్చినదాన్ని విడిగా దాస్తారు. పట్టికలో తప్పు దొరికిన రోజున వారు ఆ బైట్లను మళ్లీ మొదటినుంచి చదవగలరు.